మెదడు ముక్క – ఎనిమిది గంటల ఆయువు



చేపపిల్లల సంచి మీకు తెలిసిందే. ఊరి చెరువులో వదలడానికైనా, కొలాబ్ జలాశయంలో వదలడానికైనా చేపపిల్లలను దూరం నుంచి ప్లాస్టిక్ సంచుల్లోనే తెస్తారు. సంచిలో కొంత భాగమే నీళ్లు. మిగిలినదంతా సిలిండరు నుంచి పట్టిన ప్రాణవాయువు. మూతి బిగించి కట్టి, ఘాటీ రోడ్డు కుదుపుల్లో కొన్ని గంటలు ప్రయాణం చేయిస్తారు. పని తెలిసిన వ్యాపారి ఇంకో రెండు జాగ్రత్తలు కూడా తీసుకుంటాడు. బయలుదేరే ముందు పిల్లలకు మేత ఆపేస్తాడు. ఎండెక్కకముందే, చల్లటి పూట బండి కదిలిస్తాడు. ఎందుకంటే కడుపు ఖాళీగా, ఒళ్లు చల్లగా ఉన్న చేపపిల్లకు తక్కువ ప్రాణవాయువు సరిపోతుంది. రాబడి పెంచడం ఒక ఎత్తు, ఖర్చు తగ్గించడం ఇంకో ఎత్తు.

ఈ రోజు నేను చెప్పబోయేది కూడా ఇలాంటి సంచి గురించే. కాకపోతే ఇందులో ఉన్నది చేపపిల్ల కాదు, మెదడు ముక్క. శరీరం నుంచి విడదీసిన మెదడు ముక్క బతకడమేమిటి, ఇదేమైనా భేతాళ కథా అనుకోకండి. ప్రపంచంలో ఎన్నో ప్రయోగశాలల్లో రోజూ జరిగే పని ఇది. చిట్టెలుక మెదడు నుంచి తీసిన ముక్కను ఆరు గంటలు, ఎనిమిది గంటలు సజీవంగా ఉంచి, అందులోని నాడీకణాలు పంపుకునే విద్యుత్ సంకేతాలను వింటారు. కోరాపుట్, రాయగడ కాలేజీల్లో జీవశాస్త్రం చదువుతున్న పిల్లలు రేపు ఇలాంటి ప్రయోగశాలకు వెళితే మొదటి రోజే వాళ్ల ముందుకొచ్చే ప్రశ్న ఇదే: ముక్క బతికుందా, లేదా?

అసలు ముక్క ఎందుకు? మెదడు పుర్రెలో ఉండగానే చూడకూడదా? చూడవచ్చు, చూస్తున్నారు కూడా. కాని గుండె కొట్టుకున్నప్పుడల్లా, ఊపిరి పీల్చినప్పుడల్లా మెదడు కదులుతుంది. లోతున ఉన్న కణం కంటికి ఆనదు. రక్తంలోకి ఎక్కించిన మందు మెదడులోకి ఎంత చేరిందో చెప్పడం కష్టం. ముక్క అయితే మైక్రోస్కోపు కింద నిశ్చలంగా ఉంటుంది. వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నని మొన ఉన్న గాజు గొట్టంతో ఒక్క కణాన్ని ముట్టుకోవచ్చు. చుట్టూ పారే ద్రవంలో మందైనా, విషమైనా కొలిచి కలపవచ్చు.

ఈ విద్య ఒక్క రోజులో రాలేదు. జర్మనీలో ఓట్టో వార్‌బుర్గ్ 1920ల్లోనే శరీర అవయవాల పలుచని ముక్కలు ఎంత ప్రాణవాయువు వాడుకుంటాయో కొలిచాడు. ముక్క ఒక హద్దుకు మించి మందమైతే నడిమికి ప్రాణవాయువు అందదని లెక్క కట్టి చూపాడు. లండన్‌లో హెన్రీ మెక్‌ఇల్వెయిన్ మెదడు ముక్కలతో ఏళ్ల తరబడి పనిచేశాడు. జపాన్ నుంచి వచ్చిన యమమోటోతో కలిసి 1966లో, విడదీసిన ముక్కలోని నాడీకణాలు ఒకదానితో ఒకటి ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నాయని విద్యుత్ కొలతలతో రుజువు చేశాడు.

ఇక లెక్కలోకి వద్దాం. మన మెదడు బరువు శరీరం బరువులో 2 శాతమే. కాని విశ్రాంతిగా కూర్చున్నప్పుడు మనం వాడే ప్రాణవాయువులో సుమారు 20 శాతం దానికే పోతుంది. ఇంత ఖర్చు దేనికి? నాడీకణం లోపల సోడియం తక్కువగా, పొటాషియం ఎక్కువగా ఉండాలి. బయట దానికి తలకిందులు. ఈ తేడా వల్లనే కణం పొరకు ఇటూ అటూ విద్యుత్ పీడనం ఏర్పడుతుంది. అది సుమారు 60, 70 మిల్లీవోల్టులు. టార్చిలైటు బ్యాటరీలో ఇరవయ్యో వంతు అనుకోండి. సంకేతం వెళ్లిన ప్రతిసారీ కొంత సోడియం లోపలికి జారుతుంది. దాన్ని తిరిగి బయటికి తోడిపోయాలి. కారుతున్న పడవలో కూర్చుని నీళ్లు తోడుకున్నట్టు, పగలూ రాత్రీ ఇదే పని.

ఆ తోడే పనికి చెల్లించే నాణెం పేరు ఎ.టి.పి. దీని దగ్గర మన తెలుగువాడి పేరు ఒకటి చెప్పుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనిపెట్టాడు. 1929లో ఎ.టి.పి.ని వేరుచేసి చూపాడు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా దాన్ని కనుగొన్నాడు. ఎ.టి.పి. చేతిలో చిల్లర అయితే, ఫాస్ఫోక్రియాటిన్ కొంగున ముడివేసుకున్న డబ్బు. చిల్లర అయిపోగానే ముడి విప్పి తీస్తారు. అయితే మెదడుకు ఆ ముడి చాలా చిన్నది. రక్తం ఆగిపోతే నిమిషాలలోనే రెండూ ఖాళీ.

ఖాళీ అయ్యాక జరిగేది దారుణం. తోడే పని ఆగిపోతుంది. సోడియం, దాని వెంట నీరు లోపలికి చొరబడి కణం ఉబ్బుతుంది. గ్లుటమేట్ అనే రసాయనం మామూలుగా కణాలు ఒకదానికొకటి చుక్కచుక్కగా పంపుకునే సందేశం. అది ఒక్కసారిగా బయటికి ఒలికిపోతుంది. ఒలికిన గ్లుటమేట్ పక్క కణాలను రెచ్చగొడుతుంది. వాటిలోకి కాల్షియం జొరబడుతుంది, అవీ కూలుతాయి. ఒక ఇంటి నిప్పు పక్కింటి కప్పుకు అంటుకున్నట్టన్నమాట. మెదడులో రక్తనాళం పూడుకుపోయి పక్షవాతం వచ్చినప్పుడు మనిషి తలలో జరిగేదీ ఇదే. అలాంటి పెద్ద పక్షవాతంలో సగటున నిమిషానికి 19 లక్షల నాడీకణాలు పోతాయని 2006లో ఒక అంచనా వేశారు. గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. కోరాపుట్, రాయగడ కొండల మీది ఊళ్ల నుంచి సి.టి. స్కాను ఉన్న ఆసుపత్రికి చేరడానికి పట్టే సమయం ఆ నాలుగున్నర గంటలలోంచే పోతుంది.

కాబట్టి ప్రయోగశాలలో మొదటి నిమిషాలే ముక్క తలరాత రాస్తాయి. నియమాల ప్రకారం, నొప్పి తెలియకుండా జంతువు ప్రాణం తీసిన తరువాత మెదడును బయటికి తీసి మంచుతో చల్లబరిచిన ద్రావణంలో వేసేదాకా ఒక నిమిషానికి మించకూడదని గురువులు చెబుతారు. ద్రావణం సున్నా నుంచి 4 డిగ్రీల మధ్య, అక్కడక్కడా మంచుపలుకులు తేలుతూ ఉండాలి. చల్లదనం ఖర్చు తగ్గిస్తుంది. చేపపిల్లల వ్యాపారి తెల్లవారుజామున బండి కదిలించినట్టే.

ఇక కోయడం. మెదడు ఎంత మెత్తగా ఉంటుందో తెలియాలంటే జున్ను గుర్తు చేసుకోండి. జున్నును కత్తితో అదిమితే నలిగిపోతుంది. మెల్లగా రంపంలా ఆడిస్తే నున్నగా తెగుతుంది. ఇక్కడా అంతే. మెదడును త్వరగా అతుక్కునే జిగురుతో ఒక దిమ్మకు అంటించి, వెనక ఆసరాగా అగర్ ముద్ద పెడతారు. కొత్త బ్లేడు పక్కపక్కలకు వేగంగా అదురుతూ, ముందుకు మాత్రం నత్తనడకన సాగుతుంది. ఆ యంత్రాన్ని వైబ్రటోమ్ అంటారు. ముక్క మందం 300 నుంచి 400 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో మూడో వంతు చిల్లర. ఇంకా పలుచగా కోస్తే కణాల కొమ్మలన్నీ తెగిపోతాయి. ఇంకా మందంగా ఉంచితే నడిమి కణాలకు ఊపిరాడదు. వార్‌బుర్గ్ లెక్క ఇప్పటికీ ఏలుతూనే ఉంది.

కోసేటప్పుడు వాడే ద్రావణంలో ఇంకో ఉపాయం ఉంది. ముప్పంతా సోడియం లోపలికి చొరబడటంతో మొదలవుతోంది కదా, ఆ సోడియాన్నే తీసేస్తే? 1989లో అమెరికాలో అఘజానియన్, రాస్ముసెన్ అనే ఇద్దరు ఉప్పు బదులు చక్కెర కలిపి చూశారు. మనం ఇంట్లో వాడే చక్కెరే, సుక్రోజు. ముక్కలు మునుపటికంటే ఎంతో బాగా నిలిచాయి. చిన్న జంతువుల మెదడు ఎలా కోసినా కొంత ఓర్చుకుంటుంది. పెద్దవాటి మెదడు ఓర్చుకోదు. అందుకని ఆ తరువాత సోడియం స్థానంలో మరో పెద్ద అణువును పెట్టే పద్ధతులు కూడా వచ్చాయి.

కోత అయ్యాక ముక్కను ఉంచే ద్రావణం వేరు. అది మెదడు చుట్టూ సహజంగా ఉండే ద్రవానికి నకలు. లీటరుకు సుమారు 125 మిల్లీమోలుల ఉప్పు, రెండున్నర నుంచి మూడు దాకా పొటాషియం, 26 దాకా సోడా బైకార్బొనేటు, రెండు కాల్షియం, ఒకటో రెండో మెగ్నీషియం, కొద్దిగా ఫాస్ఫేటు, 10 గానీ అంతకు కొంచెం ఎక్కువ గానీ గ్లూకోజు. అందులోకి 95 పాళ్ల ప్రాణవాయువు, 5 పాళ్ల బొగ్గుపులుసు వాయువు కలిపిన మిశ్రమాన్ని సన్నటి బుడగలుగా ఎడతెరిపి లేకుండా పంపాలి. గాలిలో ప్రాణవాయువు 21 పాళ్లే కదా, ఇక్కడ 95 ఎందుకని మీరు అడగవచ్చు. శరీరంలో ప్రాణవాయువును మోసేది రక్తంలోని హిమోగ్లోబిన్. ముక్కకు రక్తం లేదు. నీటిలో కరిగినంతే దక్కుతుంది, నీటిలో కరిగేది చాలా తక్కువ. ఆ కొద్దిపాటిని పెంచుకోవాలంటే బుడగల్లో దాదాపు అంతా ప్రాణవాయువే ఉండాలి.

మరి ఆ 5 పాళ్ల బొగ్గుపులుసు వాయువు ఎందుకు? బైకార్బొనేటుతో కలిసి అది ద్రావణం పుల్లదనాన్ని, క్షారాన్ని సమతూకంలో ఉంచుతుంది. దాన్ని మరిచిపోతే ఏమవుతుందో నాకు అనుభవమే. పరిశోధన నేర్చుకుంటున్న రోజుల్లో ఒకసారి, తొందరలో బుడగలు పెట్టకముందే కాల్షియం పోసేశాను. ద్రావణం బియ్యం కడుగులా తెల్లబారింది. కాల్షియం కాస్తా సున్నపు పొడిగా విరిగి అడుగుకు చేరింది. ఏమంత కాదులే అనుకుని పని సాగించాను. మధ్యాహ్నానికి ఒక్క ముక్కలోనూ పలికే కణం లేదు. రెండు చిట్టెలుకల ప్రాణం వృథా. జంతు ప్రయోగానికి అనుమతి పత్రం తెచ్చుకోవడంతో మన బాధ్యత తీరిపోదని ఆ రోజు తెలిసింది. ముందు పావుగంట బుడగలు, తరువాతే కాల్షియం. ఆ వరుస నేను మళ్లీ తప్పలేదు.

కాల్షియం పేరు వచ్చింది కాబట్టి ఒక పాత కథ. 1882 ప్రాంతంలో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్ప గుండెను ఉప్పునీటిలో ఉంచి కొట్టుకునేలా చేశాడు. తరువాత శుద్ధజలంతో చేస్తే గుండె ఆగిపోయింది. ఆరా తీస్తే, మొదటిసారి సహాయకుడు వాడింది శుద్ధజలం కాదు, లండన్ కొళాయి నీళ్లు. అందులోని కాల్షియమే గుండెను నడిపించింది. పొరపాటును దాచకుండా 1883లో అచ్చువేసి చెప్పాడు. మన కొండ ఊటల నీటిలో ఒక లెక్క, రాయగడ బోరు నీటిలో ఇంకో లెక్క లవణాలు ఉంటాయి. అందుకే ముక్కల పనికి పూర్తిగా శుద్ధి చేసిన నీళ్లే వాడాలి.

ఎత్తు మాట కూడా ఒకటుంది. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి విశాఖపట్నంలో కంటే దాదాపు పదో వంతు తక్కువ. అదే సిలిండరు, అవే బుడగలు అయినా నీటిలో కరిగే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గుతుంది. బొగ్గుపులుసు వాయువూ తగ్గుతుంది. కోరాపుట్‌లో ఎవరైనా ఈ పని మొదలుపెడితే ముక్క కాస్త పలుచగా కోయాలి, ద్రావణం ధార కాస్త పెంచాలి. విశాఖపట్నం కొలతలను అలాగే ఎక్కించుకుంటే కుదరదు. కరెంటు పోతే బుడగలకు ఢోకా లేదు, సిలిండరు తన ఒత్తిడితోనే పనిచేస్తుంది. ద్రావణాన్ని తిప్పే పంపు మాత్రం ఆగుతుంది. దానికి బ్యాటరీ ఏర్పాటు ముందే ఉండాలి.

కోసిన ముక్కను వెంటనే ప్రయోగానికి పెట్టకూడదు. 32 నుంచి 35 డిగ్రీల వెచ్చదనంలో ఓ అరగంట, ఆ తరువాత గది వేడిలో కనీసం గంట, వలగుడ్డ మీద పడుకోబెట్టి వదిలేయాలి. కోత దెబ్బకు పడిపోయిన ఎ.టి.పి. ఈ విశ్రాంతిలోనే మెల్లగా లేస్తుంది. బతికున్న మెదడులో ఉన్నంత స్థాయికి మాత్రం రాదు. 1981లో అమెరికాలో విటింగమ్, లిప్టన్ అనే పరిశోధకులు ముక్కల ద్రావణంలో క్రియాటిన్ కలిపారు. కణాలు దాన్ని లోపలికి తీసుకుని ఫాస్ఫోక్రియాటిన్ నిల్వ పెంచుకున్నాయి. ఆ పైన ప్రాణవాయువు ఆపి చూస్తే, కణాల మధ్య సంకేతాలు మామూలు ముక్కల్లో కన్నా ఎక్కువసేపు నిలిచాయి. 1927లో సుబ్బారావు, ఫిస్కే కండరంలో పట్టుకున్న పదార్థమే ఇక్కడ మెదడు ముక్కకు కొంగుముడి అయింది.

బతికున్న కణాన్ని గుర్తుపట్టడం చూపు అలవాటును బట్టి వస్తుంది. మైక్రోస్కోపులో ఆరోగ్యంగా ఉన్న కణం అంచులు నున్నగా, మసకగా, నేపథ్యంలో కలిసిపోయినట్టు ఉంటాయి. కొత్తవాళ్లకు అది కనిపించదు. వాళ్ల కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించేది చనిపోతున్న కణం. అది ఉబ్బి, నడుమ గుండ్రటి కేంద్రకంతో పెనం మీద పగలగొట్టిన కోడిగుడ్డులా ఉంటుంది. పై పొరలో అలాంటివి ఎప్పుడూ ఉంటాయి, బ్లేడు తగిలింది అక్కడే కదా. కిందికి వెళ్లి చూడాలి. గాజు గొట్టం ఆనించాక 60, 70 మిల్లీవోల్టుల పీడనం చూపిస్తే సరే. 40 దగ్గర ఊగిసలాడుతుంటే ఆ కణాన్ని వదిలేయడమే మేలు.

ఎంతసేపు? మామూలుగా ఆరు నుంచి ఎనిమిది గంటలు. ఆ తరువాత కొత్త శత్రువు వస్తుంది. గ్లూకోజు కలిపిన గోరువెచ్చని ద్రావణం సూక్ష్మజీవులకు విందు. అవి పెరిగి ముక్కను చంపేస్తాయి. 2014లో ఆస్ట్రేలియాలో బుస్కిలా బృందం ద్రావణాన్ని 15, 16 డిగ్రీల దగ్గర చల్లగా ఉంచి, అతినీల లోహిత కాంతి కింద తిప్పి సూక్ష్మజీవులను అణచివేసి, ముక్కలను ఒక రోజుకు పైగా నిలబెట్టింది.

ఇంత తంటా పడి ఏం తెలుసుకున్నారు? మన చుట్టుపక్కల ప్రాంతానికి సంబంధించిన ఒక ఉదాహరణ చెబుతాను. కేసరి పప్పు సంగతి మీలో పెద్దలకు తెలుసు. పక్కనున్న ఛత్తీస్‌గఢ్ మైదానాల్లో వరి కోతకు ముందే చేలో చల్లేస్తారు. వానలు పడకపోయినా పండుతుంది. కరువు వచ్చినప్పుడు పేదవాడికి దక్కేది అదే. నెలల తరబడి అదే ప్రధాన ఆహారమైతే కాళ్లు బిగుసుకుపోతాయి, మళ్లీ కోలుకోవు. కందిపప్పులో, శనగపిండిలో దాన్ని కల్తీ చేసేవారూ ఉన్నారు. 1961 నుంచి అనేక రాష్ట్రాల్లో దాని అమ్మకాన్ని నిషేధించారు. అందులోని విషాన్ని 1964లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో వేరుచేశారు. క్లుప్తంగా బి.ఓ.ఎ.ఎ. అంటారు. రూపంలో అది గ్లుటమేట్‌కు దగ్గరి చుట్టం. నాడీకణం దాన్ని చూసి గ్లుటమేట్ అనుకుని రెచ్చిపోతుంది. అంటే ఖర్చు పెంచే విషం.

కాని అంతటితో ఆగుతుందా? ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకుని, తరువాత మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రానికి తొలి సంచాలకురాలైన విజయలక్ష్మి రవీంద్రనాథ్, బెంగళూరు నిమ్హాన్స్‌లో తన సహచరుడితో కలిసి ఈ ప్రశ్న వేశారు. చిట్టెలుక మెదడు ముక్కలను ఆ విషం కలిపిన ద్రావణంలో ఉంచారు. 1993లో ప్రచురించిన ఫలితం ఇది: కణంలో ఎ.టి.పి. తయారయ్యే చోట, మైటోకాండ్రియాలో, మొదటి గుమ్మం లాంటి ఒక ఎంజైము చాలా తక్కువ మోతాదుకే మందగించింది. అంటే ఈ విషం ఖర్చు పెంచడమే కాదు, రాబడికీ గండి కొడుతోంది.

ఇది విద్యుత్ కొలత కాదు, రసాయన పరీక్ష. అయినా ముక్క బతికుండాలన్న షరతు రెండింటికీ ఒక్కటే. ఆలోచించండి, బుడగలు సరిగా లేక, కోత మొద్దుగా పడి ముక్క ముందే చావుబతుకుల్లో ఉంటే ఆ ఎంజైము ఎలాగూ తగ్గి కనిపించేది. నేరం విషానిదా, మన చేతిదా? అందుకే ఇలాంటి పరీక్షల్లో ప్రతి ముక్కకూ ఒక తోడు ముక్క ఉంటుంది. అదే మెదడు, అదే బ్లేడు, అదే ద్రావణం, అంతే సమయం, ఒక్క విషం మాత్రం ఉండదు. తోడు ముక్క క్షేమంగా ఉంటేనే రెండో ముక్క సాక్ష్యం చెల్లుతుంది.

ముక్క చెప్పలేనిదీ ఉంది. కాళ్లకు వెళ్లే నాడులే ఎందుకు ఎక్కువగా దెబ్బతింటాయో, ఒకే ఇంట్లో ఒకే కూడు తిన్నవారిలో ఒకరికి వచ్చి ఇంకొకరికి ఎందుకు రాదో ఎనిమిది గంటల ముక్క చెప్పలేదు. అది నెలల వ్యవహారం, మొత్తం శరీరం వ్యవహారం. వంటింటికి పనికొచ్చే మాట మాత్రం ఒకటి చాలాకాలంగా తెలిసినదే. ఆ విషం నీళ్లలో కరుగుతుంది. కేసరి పప్పును ఎక్కువ నీళ్లలో నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్లు పారబోస్తే అందులో చాలా భాగం నీళ్లతో పాటే పోతుంది. పూర్తిగా పోదు.